మీ సరుకుల చీటీ చదివాను

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు 43 ఏళ్లు. మా నాన్నగారు షుగరుతో పదిహేనేళ్లు బాధపడి 61వ ఏట గుండెపోటుతో పోయారు. మా వారికి 48, షాపులో కూర్చునే పని. ఈమధ్య పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. ఇప్పుడే మందు అక్కర్లేదు, తిండి జాగ్రత్త అన్నారు డాక్టరు గారు. రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తారు. అత్తగారికి 70, బీపీ మందు వాడుతున్నారు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. హిమోగ్లోబిన్ 9.8, ఎప్పుడూ నీరసం అంటుంది. నాకు టెన్షన్ పట్టుకుంది. వాట్సాప్‌లో వచ్చినవి చూసి చియా గింజలు, మునగాకు పొడి, పసుపు క్యాప్సూల్స్, మా వారి ఊపిరితిత్తుల కోసం యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు తెప్పిస్తున్నాను. నెలకు నాలుగు వేలు దాటుతోంది. మా తోటికోడలు బియ్యం పూర్తిగా మానేసి సిరిధాన్యాలే తినమంటోంది. చింతపండు మానెయ్యాలా అని అత్తగారు అడుగుతున్నారు. షుగరు, గుండెజబ్బు, క్యాన్సర్ లాంటివి రాకుండా కాపాడే ఆహారాలు ఏవో ఒక పట్టీ రాసి ఇవ్వండి. మేం ఏం తింటున్నామో మీకు తెలియాలని ఈ నెల సరుకుల చీటీ కూడా పెడుతున్నాను.

– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా,

ఉత్తరం కంటే ముందు మీ చీటీ చదివాను. ఇరవై ఏడేళ్లుగా ఆసుపత్రుల్లో తిండి గురించి సలహాలు చెబుతున్నదాన్ని. "ఇంట్లో ఏం తింటారండీ" అని అడిగితే అందరూ ఆకుకూరలు, పళ్లు, రాగిజావ అనే చెబుతారు. దాచాలని కాదు, మనకు మంచివే గుర్తుంటాయి. చీటీలో మాత్రం ఇంట్లోకి వచ్చినదంతా ఉంటుంది. మీరు పట్టీ అడిగారు. లోకంలో ఉన్న మంచి ఆహారాలన్నీ వరసగా రాసి పంపితే మీ టెన్షన్ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకని మీ చీటీ పట్టుకునే మాట్లాడతాను.

దానికంటే ముందు ఒక తొందర పని ఉంది. మీ వారి యాంటీ ఆక్సిడెంట్ మాత్రల డబ్బా తిప్పి, వెనక రాసింది చదవండి. అందులో బీటా కెరోటిన్ అని ఉంటే ఈ రోజు నుంచే ఆపేయండి.

ఎందుకో చెబుతాను. క్యారెట్, గుమ్మడికాయ, బొప్పాయి, ముదురు ఆకుకూరల్లో ఉండే పదార్థమే బీటా కెరోటిన్. ఇలాంటి కూరలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించింది. అయితే ఆ పదార్థాన్నే మాత్రగా చేసి ఇద్దామని ఫిన్లాండ్‌లో ఒక పెద్ద పరీక్ష పెట్టారు. సిగరెట్లు తాగే 29,133 మంది మగవాళ్లు అందులో చేరారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే మరో పరీక్షను ఇదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్ కూర తినడానికి ఏ భయమూ లేదు, రోజూ తినమనండి. కూరలో అది ఇంకా ఎన్నో పదార్థాలతో, పీచుతో కలిసి కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళుతుంది. మాత్రలో ఒక్కటే, పెద్ద మోతాదులో వెళుతుంది. సిగరెట్లు తాగే మనిషికి అది మేలు చేయదని ఇంత గట్టిగా తేలాక కూడా దాన్ని ఊపిరితిత్తుల పేరు చెప్పి అమ్ముతుంటే నాకు బాధగా ఉంటుంది. ఆయన ఊపిరితిత్తులను కాపాడే తిండి ఏదీ నా దగ్గర లేదమ్మా. ఆ నాలుగైదు సిగరెట్లూ మానడమే మార్గం. ఆయనకు ఈ పేరా ఒక్కటీ చదివి వినిపించండి.

పసుపు క్యాప్సూల్స్ కూడా ఆపండి. పసుపు మీద నాకు గౌరవం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే పొగతాగేవాళ్లకు పసుపు ఇచ్చి చూశారు. కణాల్లోని జన్యువులను దెబ్బతీసే పదార్థాలు వాళ్ల మూత్రంలో తగ్గాయి. ఆశ పుట్టించే సంగతే. కానీ మూత్రంలో ఒక పదార్థం తగ్గడం వేరు, మనిషికి క్యాన్సర్ రాకపోవడం వేరు. ఆ రెండో మాట చెప్పడానికి ఇంకా ఆధారం లేదు. పసుపులో అసలు పదార్థమైన కర్‌క్యుమిన్ ఉండేది మూడు శాతం దాకానే. అది పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు కూడా. క్యాప్సూల్స్‌లో దాన్ని గాఢంగా చేసి, త్వరగా ఎక్కేలా మిరియాల సారం కలుపుతారు. అలాంటివి వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు అమెరికా వైద్యులు నమోదు చేశారు. పప్పులో, పులుసులో చిటికెడు పసుపు వేసుకోండి, అది చాలు.

ఇక చీటీకి వద్దాం.

మొదటి పంక్తిలో సన్నబియ్యం 25 కిలోల బస్తా. పక్కనే మీ చేతిరాతతో "17 రోజులకు ఒకటి" అని ఉంది. నా కన్ను అక్కడే ఆగిపోయింది. నలుగురు మనుషులు, 17 రోజులు. లెక్కేస్తే మనిషికి రోజుకు దాదాపు 370 గ్రాముల బియ్యం. ఇడ్లీ రవ్వ మూడు కిలోలు కలిపితే 390 దాటుతోంది. నలుగురికీ సమానంగా పంచితే వచ్చిన లెక్క ఇది. మీ వారు ఇంతకంటే ఎక్కువే తింటుండవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో, రోజుకు 2,000 కేలరీలు సరిపోయే మనిషికి అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలన్నారు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, పప్పులు 85, గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. గుడ్డు, చేప తినేవాళ్లు ఆ మేరకు పప్పు తగ్గించుకోవచ్చు.

అన్నం అంటే మన జిల్లాల్లో ప్రాణం. నేనూ ఆ నీళ్లు తాగి పెరిగినదాన్నే, అన్నాన్ని విషమనే మాట నా నోట రాదు. కానీ మన ప్రాంతానికీ తెల్లబియ్యానికీ ఒక పాత కథ ఉంది. మీకు అది తెలియాలి.

గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తాను ఒకప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. అక్కడ బెరిబెరి అనే జబ్బు తిష్ఠ వేసుకుని ఉండేది. కాళ్లు మొద్దుబారడం, చచ్చుబడడం, ఒళ్లు నీరు పట్టడం, చివరికి గుండె ఆగిపోవడం. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో దీనిమీద పుస్తకం రాశాడు. కారణం చాలాకాలం దొరకలేదు. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు ఉన్న బియ్యం పెడితే మళ్లీ లేచి నడవడం చూశాడు. తవుడులో ఉన్నది విటమిన్ బి1 అని తర్వాత తేలింది. మర పట్టినప్పుడు తవుడుతో కొంత పోతే, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చినప్పుడు మిగిలినదీ పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు చాలావరకు ఈ జబ్బు నుంచి తప్పించుకున్నాయి. వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిన్ తవుడులోంచి గింజలోకి దిగిపోతుంది, ఆ తర్వాత మర పట్టినా అంతగా పోదు. ఈ బెరిబెరి మీద పరిశోధన కోసం మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక చిన్న విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మీకు పైన చెప్పిన 250 గ్రాముల లెక్క అక్కడిదే. మన కంచంలోని తెల్లన్నం పెట్టిన జబ్బును వెతుక్కుంటూ మొదలైన సంస్థ, నూరేళ్లు దాటాక కూడా అన్నం తగ్గించి పక్కవి పెంచమనే చెబుతోంది.

ఇప్పుడు బెరిబెరి మనకు అరుదు. పప్పు, కూర, పాలు కాస్తయినా తింటున్నాం. అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు, పొలం పని తగ్గింది. ఆ మిగులు షుగరుగా తేలుతోంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. ఇంకా షుగరు రాకపోయినా దాని అంచున ఉన్నవాళ్లు మరో 13 కోట్ల 60 లక్షలు. మీ వారి 6.1 ఆ అంచులోది. భయపడమని చెప్పడం లేదు, ఇది ఇంకా వెనక్కి తిప్పగల దశ. ఇలా అంచున ఉన్నవాళ్లనే తీసుకుని చెన్నైలో ఒక అధ్యయనం చేశారు, 2006లో ప్రచురించారు. మూడేళ్లలో, మామూలుగా ఉండిపోయినవాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని నడక పెట్టుకున్నవాళ్లలో 39 మందికి వచ్చింది. షుగరు మాత్ర మాత్రమే ఇచ్చినవాళ్లలోనూ 40 మందికి వచ్చింది. అంటే కంచం, నడక కలిసి ఒక మందుతో సమానంగా పనిచేశాయి. అందరినీ కాపాడలేదు, ఆ మాట కూడా మీకు చెప్పాలి. ఏ తిండీ జబ్బు రాకుండా గోడ కట్టలేదు. వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది.

మరి ఏం చేయాలి? బస్తా 17 రోజులకు కాకుండా నెల రోజులు రావాలి. అలా వస్తే మనిషికి రోజుకు 210 గ్రాముల లోపు బియ్యం, ఇడ్లీ రవ్వ కలిపినా 235 లోపే. ఒక్కసారిగా చేయకండి, ఇంట్లో గొడవవుతుంది. మొదటి నెల 21 రోజులు, తర్వాత 25, ఆ తర్వాత 30. వీలైతే ఒక పాలిష్ తక్కువ పట్టిన బియ్యం దొరుకుతాయేమో మీ ఊరి మిల్లులో అడగండి. మీది మిల్లుల జిల్లా, మాకంటే మీకే సులువు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. వడ్డించేటప్పుడు వరస మార్చండి. ముందు కంచంలో కూర, పప్పు పెట్టి, నాలుగు ముద్దలు అవి తిన్నాక అన్నం పెట్టండి. అదే తిండి ఆ వరసలో తింటే భోజనం తర్వాత షుగరు అంత ఎత్తుకు ఎగరదు. మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి ఈ చిన్న మార్పే ముందుగా పట్టుబడింది. కూర నోటికి తగిలాక అన్నం కుప్ప దానంతటదే చిన్నదవుతుంది. తిన్నాక పావుగంట వీధిలో నడవమనండి మీ వారిని.

తోటికోడలు చెప్పిన సిరిధాన్యాలు మంచివే. జొన్న, రాగి, కొర్ర వారంలో మూడు నాలుగు పూటలు తెల్లన్నం బదులు తినండి. అవి కూడా ఆ 250 గ్రాముల లెక్కలోవే అని మాత్రం మరవకండి. కొర్రన్నం కదా అని రెండింతలు తింటే షుగరు ఊరుకోదు. బియ్యం పూర్తిగా మానేసి ఏదో ఒక్కదాన్నే పట్టుకోవడానికి నేను ఒప్పుకోను. దక్కను పీఠభూమిలో జొన్నలే తిండిగా, పక్కన పప్పూ పాలూ లేకుండా బతికిన పేదల్లో పెల్లగ్రా అనే పోషకలోప వ్యాధి వచ్చేది. అప్పట్లో హైదరాబాద్‌లోనే డాక్టర్ గోపాలన్ బృందం దాన్ని పరిశోధించింది. జొన్న ఎంత మంచి గింజయినా ఒంటరిగా మనిషిని నిలబెట్టలేకపోయింది.

మీ చీటీలో రెండో పంక్తి: కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్లు రెండు, పెసరపప్పు అర కిలో. మనిషికి రోజుకు 37 గ్రాములు. కావలసినదాంట్లో సగం కూడా లేదు. మీరు ఎక్కువ పెంచాల్సింది ఇదే. చియా గింజల డబ్బులు ఇక్కడికి మళ్లించండి. పప్పులో మాంసకృత్తులు, పీచు రెండూ ఉంటాయి. అన్నంతో కలిసి వెళ్లినప్పుడు చక్కెర రక్తంలోకి నెమ్మదిగా దిగేలా చూస్తుంది. పీచు ఎక్కువ తినేవాళ్లలో గుండెజబ్బు, షుగరు, పెద్దపేగు క్యాన్సర్ మూడూ తక్కువగా ఉంటున్నాయని 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన తేల్చింది. రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు దగ్గర మంచి ఫలితం కనిపించింది. మీరు అడిగిన మూడు జబ్బులకూ ఒకే చోట జవాబు దొరికేది ఇక్కడే.

మీ చీటీలో పొట్టు పెసలు లేవు. రెండు కిలోలు రాసుకోండి. పెసరట్టు లాంటి టిఫిన్ మన దగ్గర ఉండగా ఓట్స్ కోసం వెతకడం దేనికి? పెసలు పొట్టుతో సహా నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బండి. బియ్యం గుప్పెడు కూడా వేయకండి, లోపల ఉప్మా పెట్టకండి. ఉప్మా పెట్టిన పెసరట్టు నాకూ ఇష్టమే, పండగ రోజుకు ఉంచుకుందాం. వారానికి మూడు రోజులు మీ వారికి ఆరు ఇడ్లీల బదులు రెండు పెసరట్లు పెట్టి చూడండి. సాయంత్రం బిస్కట్ల బదులు ఉడికించిన సెనగలో, అలసందలో పోపు వేసి పెట్టండి.

ఆకుకూరల దగ్గర మీ అమ్మాయి విషయం మాట్లాడాలి. హిమోగ్లోబిన్ 9.8 అంటే తిండితో మాత్రమే సరిపెట్టే స్థాయి దాటిపోయింది. ముందు డాక్టరుకు చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, కడుపులో నులిపురుగులున్నాయా చూస్తారు. ఇనుము మాత్రలు రాస్తే మూడు నాలుగు నెలలు మానకుండా వేయించండి. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి సగంలో ఆపేసిన పిల్లల్ని ఎంతమందినో చూశాను. తిండి ఆ మాత్రలకు తోడు నిలబడుతుంది, వాటి స్థానంలోకి రాదు.

ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. పట్టించే మార్గం మాత్రం తేలిక. తోటకూర పప్పు పొయ్యి మీంచి దించాక నిమ్మకాయ పిండండి. భోజనం తర్వాత ఒక జామకాయ తినిపించండి. నూరు గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, కమలాపండులో దాని నాలుగో వంతు కూడా కష్టం. యాపిల్ కోసం చూడకండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట దూరం జరపండి, టీ ఇనుమును పట్టి ఉంచేస్తుంది. మునగాకు పొడి డబ్బా కొనడం ఆపి చెట్టు దగ్గరకు వెళ్లండి. మీ ఊళ్లో ఏ పెరట్లో మునగచెట్టు లేదు? ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దవాళ్లు పెట్టిన ఆనవాయితీని మిగతా నెలల్లోకీ లాగండి. పొన్నగంటి, బచ్చలి, గంగవాయిలి, గోంగూర మారుస్తూ ఉండండి. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు మాత్రం పాలకూర, తోటకూర, గోంగూర తగ్గించుకోవాలి.

ఆకుకూరల మాట వచ్చాక మీ పక్క ఊరి మనిషిని తలుచుకోకుండా ఉండలేను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. ఆయనా ఆ జబ్బుతోనే చావు దాకా వెళ్లొచ్చారు. ఆ జబ్బులో తిన్నది ఒంటపట్టదు, రక్తం పలచబడిపోతుంది. 1930ల మొదట్లో బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని కనిపెట్టింది. 1941లో అమెరికాలో ఆ గుణమున్న పదార్థాన్ని పాలకూర ఆకుల నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చిన పేరు అది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది సుబ్బారావు గారి బృందం, 1945లో. ఇప్పుడు గర్భిణులందరికీ ఇచ్చే మాత్ర అదే. పుట్టే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడడానికి అది అవసరం. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి. పప్పులో ఆకుకూర ఏరి పక్కన పెట్టే వయసు కదా.

అత్తగారి బీపీకి వస్తే, మీ చీటీలో ఉప్పు నెలకు కిలో. మనిషికి రోజుకు 8 గ్రాములు దాటింది. ఇందులో ఆవకాయ, మాగాయ, బయట కొన్న అప్పడాలు, వడియాల ఉప్పు లేదు. రోజుకు 5 గ్రాములు, అంటే గీసి కొలిచిన ఒక చెంచా, అన్నిటితో కలిపి అంతే. ఆ లెక్కన కిలో ప్యాకెట్ మీ ఇంట్లో యాభై రోజులు రావాలి. ఊరగాయ మానమని డెబ్బై ఏళ్ల మనిషికి చెప్పలేను. మా నాన్నగారికి బీపీ ఉన్నప్పుడు పోట్లాడి పోట్లాడి చివరికి చేసింది ఇదే: ఆవకాయ పగలు ఒక్కపూట, అదీ చూపుడువేలి కొనంత. అన్నంలో కలుపుకోవడం మాని, పప్పన్నంలో నంచుకోవడం. మజ్జిగలో ఉప్పు బదులు దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మరసం. పది రోజులు చప్పగా ఉందన్నారు, తర్వాత ఆ మాట అనడం మానేశారు.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బజార్లో ఉంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో దాన్ని పరీక్షిస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. అత్తగారి బీపీ మాత్ర టెల్మిసార్టాన్ లాంటిదైతే అది కూడా పొటాషియాన్ని పెంచుతుంది. డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ఇంట్లోకి తేవద్దు.

చింతపండు మానక్కర్లేదని ఆవిడకు చెప్పండి. పప్పుపులుసు మామూలుగా తినవచ్చు. నల్గొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని వంచేస్తాయి కదా. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పులుసులో ఉప్పు, బెల్లం ఎంత వేస్తున్నామన్నదే చూసుకోవాలి.

నూనె అయిదు లీటర్లను మూడున్నరకు దించండి, పంచదార నాలుగు కిలోలను రెండుకు. పల్లీలు మాత్రం అర కిలో నుంచి రెండు కిలోలకు పెంచండి. మంచి తిండితో పాటు రోజూ గుప్పెడు గింజలు తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి మొత్తం మీద తగ్గినట్టు స్పెయిన్‌లో చేసిన పెద్ద పరీక్షలో కనిపించింది. వాళ్లు వాడినవి వాల్‌నట్లు, బాదం, హేజల్‌నట్లు. మనకు పల్లీలు, నువ్వులు, అవిసె గింజలు అందుబాటులో ఉన్నాయి. బూజు వాసన వచ్చే, చేదెక్కిన పల్లీలను ఏరి పారేయండి, వేయించినా వాడకండి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. డబ్బులు వృథా అని వాటిని పచ్చడిలో వేసేస్తుంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చేపల పులుసు వారానికి రెండుసార్లు ఉంటే మంచిది. వేపుడు తగ్గించండి.

కూరగాయలు చీటీలో లేవు, బండి దగ్గర కొంటారేమో. నలుగురికీ కలిపి రోజుకు కిలోన్నర రావాలి. ఎక్కువనిపిస్తుంది. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, చిక్కుడు, అరటిపువ్వు, ఏది చవకగా వస్తే అది. ఇప్పుడు మాత్రలకు పెడుతున్న నాలుగు వేలు పప్పులకూ కూరలకూ పెడితే వీటిలో చాలా వచ్చేస్తాయి.

ఇక నన్ను కలవరపెట్టిన సంగతి. మీ వారి షుగరు రాశారు, అత్తగారి బీపీ రాశారు, అమ్మాయి రక్తం రాశారు. మీ గురించి ఉత్తరంలో ఉన్నది వయసు, టెన్షన్, అంతే. 61 ఏళ్లకే గుండెపోటుతో పోయిన షుగరు మనిషి మీ నాన్నగారు. ఈ ఇంట్లో ఆయన రక్తం పంచుకుని పుట్టింది మీరూ, మీ ద్వారా మీ అమ్మాయీ. మీరు ఎప్పుడైనా షుగరు పరీక్ష చేయించుకున్నారా? బీపీ చూపించుకున్నారా? 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. నీరసం అని చెప్పే తీరిక లేక మీ సంగతి బయటపడకపోయి ఉండవచ్చు.

అందరికీ వడ్డించాక మీరు ఏం తింటారో నేను చూడకుండానే చెప్పగలను. గిన్నెలో కూర అడుగంటిపోయి ఉంటుంది. మిగిలిన అన్నం పారేయలేక, రెండు గరిటెలు ఎక్కువే పెట్టుకుని, పచ్చడితోనో మజ్జిగతోనో ముగిస్తారు. మా అమ్మ అలాగే తినేది, పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే తిన్నాను. అన్నం, ఉప్పు ఎక్కువ, పప్పు, కూర తక్కువ. ఇంతసేపూ వద్దని చెప్పిన కంచం అదేనమ్మా. రేపటి నుంచి వడ్డన మొదలుపెట్టే ముందే మీ వాటా కూర, పప్పు ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టండి. ఎవరైనా ఇంకొంచెం అడిగినా ఆ గిన్నె ముట్టుకోకండి. ఈ వారంలోనే పరగడుపున షుగరు, మూడు నెలల సగటు, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. అమ్మాయిని చూపించడానికి ఎలాగూ వెళతారు కదా, అదే రోజు మీ చెయ్యి కూడా చాచండి.

కొత్త బస్తా విప్పినప్పుడు దానిమీద పెన్నుతో తేదీ వేయండి. ఖాళీ అయిన రోజు ఇంకో తేదీ. ఉప్పు ప్యాకెట్టుకూ అలాగే. మీ వారి సగటు షుగరు మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తారు కదా, అప్పుడు ఆ తేదీలన్నీ రాసి నాకు పంపండి. ఆ ఉత్తరంలో మీ రిపోర్టు ముందు పెట్టండి, మిగతావాళ్లవి ఆ తర్వాత.